జవసత్త్వములు, మంచము: వృద్ధుల దేహపరిశ్రమ చరిత్రపై ఉద్దనపల్లి ప్రాంతదృష్టితో ఒక పరిశీలన

తెలుగువారు వార్ధక్యమును గూర్చి చెప్పునపుడు "జవసత్త్వము లుడిగినవి" అందురు. నిత్యము వాడుకలో నున్న మాట యగుటచే దాని యర్థమును విడదీసి చూచువారు తక్కువ. జవమనగా వేగము, సత్త్వమనగా బలము. ముదిమికి నెఱసిన తల, ముడుతలు పడిన మేను, మసకబారిన చూపు మొదలుగా లక్షణము లెన్నియో కలవు. వానినన్నిటిని విడిచి నడక మందగించుటను, పట్టు సడలుటను మాత్రమే యేరి జంటగా గూర్చిన పలుకుబడి యిది.

2001వ సంవత్సరమున అమెరికాదేశమున లిండా ఫ్రీడ్ అను వైద్యురాలును ఆమె సహచరులును, అరువదియైదేండ్లు నిండిన అయిదువేలమందికి పైగా జనమును పరిశీలించి, వృద్ధుల దౌర్బల్యమునకు అయిదు గుర్తులను నిర్ణయించిరి. కోరకయే దేహపు బరువు తగ్గుట, తీరని అలసట, చేతిపట్టు బలము తగ్గుట, నడక మందగించుట, నిత్యకృత్యములలో కదలిక తగ్గుట అనునవి యవి. వీనిలో మూడుగాని అంతకు మించిగాని కనబడినవారు దుర్బలులు. ఒకటి రెండు కనబడినవారు ఆ దారిని బట్టినవారు. ఆ పరిశోధకులు పట్టును పరికరముతో కొలిచిరి, నడకను గడియారముతో కొలిచిరి. అనగా సత్త్వమును, జవమును కొలిచిరి. దీనినిబట్టి మన పూర్వులకు నవీన శాస్త్రము ముందుగనే తెలియునని వాదించుట తగదు. ఇంటిలో ముసలివారిని ప్రతిదినము చూచినవారి కన్నులకు ఏది ముఖ్యముగా గోచరించినదో ఆ మాట చెప్పుచున్నది, అంతియే.

రెండవ పలుకుబడి "మంచము పట్టుట". దీనినే మంచాన బడుట యనియు, మూలబడుట యనియు నందురు. వ్యాధి ముదిరిన పిదప మంచము వచ్చునని ఈ మాటల యభిప్రాయము. మంచమే వ్యాధికి హేతువు కావచ్చునను సంగతి ఇరువదవ శతాబ్ది మధ్యభాగమునగాని వైద్యులకు స్పష్టపడలేదు. ఆ సంగతి ఎట్లు తేలినది, అంతకు పూర్వము మన దేశపు వైద్యగ్రంథము లేమి చెప్పినవి, హోసూరు ప్రాంతపు పల్లెలలో వృద్ధుల దేహపరిశ్రమ యేవిధముగా నుండెను, ఎట్లు మాఱినది అను విషయము లీ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

ఉద్దనపల్లి కృష్ణగిరి జిల్లాలో హోసూరునుండి రాయకోటకు బోవు మార్గమున నున్న గ్రామము. సేలం జిల్లాను వర్ణించిన ఆంగ్లేయ గ్రంథకర్తలు ఆ సీమను తలాఘాటు, బారామహలు, బాలాఘాటు అని మూడు భాగములు చేసిరి. హోసూరు తాలూకా బాలాఘాటు. అనగా కనుమలకు మీదనున్న మిట్టభూమి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు ఈస్టిండియా కంపెనీకి దక్కెను. హోసూరు ప్రాంతము 1799లో టిప్పుసుల్తాను పతనానంతరము చేరెను. 1956 నవంబరు 1న భాషారాష్ట్రము లేర్పడినపుడు ఈ తాలూకా మద్రాసు రాష్ట్రమునందే నిలిచెను. 1965లో సేలమునుండి ధర్మపురి జిల్లాయు, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి జిల్లాయు విడివడెను. ఏలుబడి యెన్నిమార్లు మాఱినను ఇచ్చటి తెలుగిండ్లలో ఇంటిమాట తెలుగుగను, ఇంటికూడు రాగిసంగటిగను నిలిచినవి.

ఆ రాగిసంగటి వెనుకనున్న శ్రమయే ఈ చర్చకు ముఖ్యము. పిండిమరలు రాకపూర్వము రాగులు ఇంటింట తిరగలిలో విసరబడుచుండెను. తిరగలి ముందు కూర్చుండుట, పిడి బట్టి త్రిప్పుట, పిండి నెత్తి జల్లించుట, మరల నేలనుండి లేచుట అను క్రియలలో భుజము, నడుము, తొడ మూడును పనిచేయును. కాపువాడకు కపిలబావి, ఇంటిదానికి రోలురోకలి, ముదుసలికి పశువుల వెంట నడక, కల్లమున కాపు, మడికి నీరు మళ్ళించుట ఉండెను. చలికాలమున అనపకాయలు పండినపుడు ముసలివారి వ్రేళ్ళకు విశ్రాంతి లేదు. కాయలు వలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కి తోలు వదలించినగాని పితికిపప్పు రాదు. తట్టెడు గింజలు పితుకుటకు ఒక పూట పట్టును. ఆ పనికి మాటలు తోడగుటచే నలుగురు ముసలమ్మలు ఒకయెడ కూర్చుందురు. చేతిపట్టును కొలుచు పరికర మేదియు నెఱుగని యా ముదుసలులు ఆ పట్టునే పూటపూటకు సాధకము చేయుచుండిరి.

ఐనను పాతకాలమును మితిమీఱి పొగడరాదు. కూలికి బోయిన స్త్రీ నడుము వంగిపోవుటకు ఆ శ్రమయే కారణమైనది. కడుపునిండని దేహమునకు రోకలిపోటు వ్యాయామము గాదు, క్షయము. పైగా ఆ దినములలో ముదిమి చూచినవారే తక్కువ; 1951 ప్రాంతమున భారతదేశమున సగటు ఆయుర్దాయము దాదాపు ముప్పదిరెండేండ్లు మాత్రమే. అనేకులు శైశవముననే మరణించుటచే ఆ సంఖ్య అంత తక్కువయైన మాట నిజమే. కాని ఎనుబదియేండ్ల దాక బ్రదికి, పొలము గట్టున నడచిన తాతను గూర్చి చెప్పుకొనునపుడు, అతని యీడువారిలో నెందఱు ముందే గతించిరో లెక్కింపక ఆ నడకయే అతనిని బ్రదికించినదని తేల్చుట తర్కము గాదు.

ఇక గ్రంథములకు వత్తము. వ్యాయామమును గూర్చి చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయమున నిర్వచనము కలదు. దేహమునకు స్థైర్యమును, బలమును కలిగించు ఇష్టమైన చేష్ట వ్యాయామము. దానిని మాత్ర నెఱిగి చేయవలెనని దాని తాత్పర్యము. ఫలములను చెప్పుచు దేహలాఘవమును, పనిచేయు శక్తిని, స్థిరత్వమును, కష్టమును సహించు నేర్పును, జఠరాగ్నివృద్ధిని పేర్కొని, వెంటనే మితిమీఱినచో కలుగు శ్రమ, దప్పి, దగ్గు, జ్వరము, వాంతులను కూడ చెప్పినాడు. ఆ చరకుడే ప్రమేహవ్యాధికి హేతువులు చెప్పుచు, కూర్చుండు సుఖమును, నిద్రాసుఖమును వానిలో చేర్చినాడు. కుర్చీని విడువని జీవితమును నవీనులు నిందించుటకు ఎంతయో పూర్వమే "కూర్చుండు సుఖము" అను మాట నిదానశాస్త్రమున కెక్కుట గమనింపదగినది.

వృద్ధుల విషయమున మాత్రము గ్రంథకర్తలలో భేదము కనబడును. వాగ్భటుడు అష్టాంగహృదయము సూత్రస్థానము రెండవ అధ్యాయమున వాతపిత్తరోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణముతో బాధపడువారు వ్యాయామమును వర్జింపవలెనని స్పష్టముగా విధించినాడు. దక్షిణదేశమున వైద్యులు విశేషముగా నాదరించినది వాగ్భటునే. ముసలివానిని కదలనీయరాదను నేటి ఇంటివారి తలంపునకు ఇంతకంటె ప్రాచీనమైన యాధారము వెదకనక్కఱలేదు. సుశ్రుతుని త్రోవ వేఱు. చికిత్సాస్థానము ఇరువదినాల్గవ అధ్యాయమున నతడు, వ్యాయామశీలుని ముదిమి తటాలున నాక్రమింపదని చెప్పి, వయస్సు, బలము, శరీరము, దేశము, కాలము, ఆహారము చూచుకొని వ్యాయామము చేయవలెనని నియమించినాడు. వయస్సును చూచుకొని చేయుమనుట వేఱు, వయస్సు మీఱినదని విడువు మనుట వేఱు.

ఈ రెండు మతములకు సమన్వయము కుదురునా? కుదురుననియే చెప్పవలెను. అందులకు సుశ్రుతుని గ్రంథమందే సాధనము కలదు. ఆ యధ్యాయమున నతడు వ్యాయామమునకు వేఱుగా చంక్రమణము, అనగా నడక, అను దానిని ప్రత్యేకముగా చెప్పి, దేహమును మిక్కిలి పీడింపని నడక ఆయువును, బలమును, మేధను, అగ్నిని వృద్ధిచేయుననియు, ఇంద్రియములను మేల్కొలుపుననియు వర్ణించినాడు. వ్యాయామమనగా ఆ కాలమున మల్లయుద్ధము, మోపులెత్తుట వంటి తీవ్రశ్రమ యనియు, వాగ్భటుడు వృద్ధులకు వారించినది దానిని మాత్రమే యనియు గ్రహించినచో విరోధము చాలవఱకు తొలగును. ఐనను "చాలవఱకు" అను మాటను విడువరాదు. ఏలయన వాగ్భటుని వాక్యమున అట్టి మినహాయింపు లేదు.

అర్ధశక్తి యను భావము మఱియొకటి. తన బలములో సగము వినియోగమగువఱకే వ్యాయామము చేయవలెనని వారి మతము. సగమైనదని తెలియుటెట్లు? హృదయమునందలి వాయువు నోటిదాక వచ్చినపుడు, అనగా ముక్కుతో చాలక నోటితో ఊపిరి విడువవలసి వచ్చినపుడు, అర్ధశక్తి ముగిసినదని సుశ్రుతుడు గుర్తు చెప్పినాడు. నేటి వైద్యులును నడకయొక్క తీవ్రతను పరికరములు లేక గుర్తించుటకు మాటాడగలుగవలెను, పాడలేకపోవలెను అను సులభపరీక్ష చెప్పుదురు. రెండును ఊపిరినే కొలమానముగా గొన్నవి.

తెలుగునాట ఇరువదవ శతాబ్దారంభమున దేహదారుఢ్యమునకు గొప్ప ఆదరము కలిగెను. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడు (1882–1942) ప్రదర్శనములు జనమును ఉఱ్ఱూతలూపినవి. ఊరూర తాలింఖానాలు వెలసినవి. కాని అది యంతయు యౌవనపు సంబరము. సాము చేయువాడు కుఱ్ఱవాడు, చూచి మెచ్చువాడు ముసలివాడు.

పాశ్చాత్య ఖండమునను వృద్ధులు మితముగా వ్యాయామము చేయవలెనని క్రీ. పూ. 44లో వార్ధక్యముపై గ్రంథము వ్రాసిన సిసెరో చెప్పియుండెను. ఐనను పందొమ్మిదవ శతాబ్దిలో వైద్యము వేఱుదారి పట్టెను. 1860–62 సంవత్సరములలో లండనున జాన్ హిల్టన్ అను శస్త్రవైద్యుడు విశ్రాంతియే దేహమును మాన్పుననుచు ఉపన్యాసము లిచ్చెను. అవి గ్రంథరూపమున చిరకాలము ప్రామాణికములై నిలిచెను. విఱిగిన యెముకకు, వాచిన కీలునకు చెప్పిన విశ్రాంతి క్రమముగా సమస్తరోగములకు వ్యాపించెను. ప్రసవించినవారు, గుండెజబ్బువారు, శస్త్రచికిత్స జరిగినవారు వారములకొలది పడకనుండి దిగగూడదను నియమ మేర్పడెను. వృద్ధునికైతే దిగుమని చెప్పువారే లేకపోయిరి.

ఈ నమ్మకమును కదల్చినవారిలో మొదటగా స్మరింపదగినది మార్జొరీ వారెన్. 1935లో లండను సమీపమున వెస్టు మిడిల్‌సెక్సు ఆసుపత్రికి ప్రక్కనున్న అనాథాలయపు రోగిశాల చేరినపుడు, అచ్చట ఏడువందలకు పైగా దీర్ఘరోగులు పడియుండిరి. వారిలో పెక్కండ్రకు రోగనిర్ణయమే జరిగియుండలేదు. వృద్ధులగుటయే వారి రోగముగా భావింపబడెను. ఆమె వారిని ఒక్కొక్కరిని పరీక్షించి, వర్గములు చేసి, కూర్చుండబెట్టి, నిలువబెట్టి, నడిపింపజొచ్చెను. ఏండ్ల తరబడి పడకనున్నవారిలో పలువురు ఇండ్లకు మరలిరి. 1940 దశకమున ఆమె ప్రకటించిన వ్యాసములు వృద్ధవైద్యమను ప్రత్యేకశాఖకు పునాది వేసినవి. 1947 డిసెంబరున రిచర్డ్ ఆషర్ అను వైద్యుడు "పడక చేరుటలోని ప్రమాదములు" అను నర్థమిచ్చు శీర్షికతో బ్రిటిషు వైద్యపత్రికలో ఒక చిన్న వ్యాసము వ్రాసెను. పడకయందుండుటచే ఊపిరితిత్తులు, రక్తనాళములు, చర్మము, కండరములు, ఎముకలు, మూత్రకోశము, జీర్ణకోశము, తుదకు మనస్సు ఎట్లు చెడునో అవయవ మవయవముగా నందు చూపినాడు. ఆయన హాస్యప్రియుడు, వ్యాసము చదువువారు నవ్వుచుందురు, కాని చదివి ముగించునప్పటికి మంచమును మునుపటి కన్నుతో చూడజాలరు.

1953లో జెరెమీ మారిస్ లండను బస్సులందు ప్రయాణికులకు టిక్కెట్టులిచ్చుచు మేడమెట్లెక్కి దిగు కండక్టర్లకంటె కూర్చుండి నడపు డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చని ప్రకటించెను. ఆయన తొంబదితొమ్మిదేండ్లు జీవించి 2009లో మరణించెను. 1966లో అమెరికాలోని డల్లాస్‌నగరమున ఇరువదేండ్ల యువకుల నయిదుగురను మూడువారములు పడకపై నుంచి పరీక్షించిరి. ముప్పదేండ్ల పిదప ఆ యయిదుగురినే మరల పరీక్షింపగా, శ్రమశక్తిని తగ్గించుటలో ముప్పదేండ్ల వయోవృద్ధికంటె ఆనాటి మూడువారముల పడకయే బలవత్తరమని తేలెను. పుష్టిగల యువకునికే యిట్లయినచో, కాలుజాఱి పడి ఇరువదిదినములు మంచముననున్న ముదుసలి గతి యేమని వేఱుగా చెప్పనేల?

ఐనను ఒక ప్రశ్న మిగిలెను. పడక కీడు చేయుననుట సరి. ఉడిగిన సత్త్వము మరల వచ్చునా? తొంబదేండ్లవాని కండకు పెరుగుదల యున్నదా? దీనికి ప్రత్యుత్తరము 1990లో బోస్టన్‌నగరపు వృద్ధుల ఆవాసమునుండి వచ్చెను. మరియా ఫియాటరోన్ అను వైద్యురాలు సుమారు తొంబదేండ్ల యీడు గల దుర్బలులను పదుగురను ఎన్నుకొని, ఎనిమిది వారములు, వారమునకు మూడు దినములు, కుర్చీలో కూర్చుండి మోకాలు చాచుచు బరువు నెత్తు సాధకము చేయించెను. ఒక్కసారి మాత్రమే యెత్తగల గరిష్ఠపు బరువు నూఱు పాళ్ళనుకొన్నచో, మొదటి వారమున సగముతో నారంభించి, పిదప ఎనుబది పాళ్ళదాక హెచ్చించిరి. సాధకము ముగించినవారి తొడబలము సగటున నూటికి 174 పాళ్ళు పెరిగెను. అనగా రెండున్నర రెట్లకు మించెను. తొడకండ నూటికి తొమ్మిది పాళ్ళు హెచ్చెను. ఇద్దఱు చేతికఱ్ఱలను విడిచిరి. బలము కండ పెరిగిన దానికంటె ఎన్నో రెట్లు పెరుగుట విచిత్రముగా తోచును. నిద్రించుచున్న నాడులు మేల్కొని ఉన్న కండనే పూర్తిగా వినియోగించుట దానికి ముఖ్యకారణమని శారీరశాస్త్రజ్ఞు లందురు.

ఆ ప్రయోగమందే మఱియొక ఫలితము కలదు. దానిని ఉదాహరించువారు తక్కువ. సాధకము మానిన నాలుగువారములకే గరిష్ఠబలములో నూటికి 32 పాళ్ళు జాఱిపోయెను. శిబిరములు పెట్టి పదిదినములు వ్యాయామము నేర్పి, ఛాయాచిత్రము తీయించుకొని మరలిపోవువారు ఈ సంఖ్యను గుర్తుంచుకొనవలెను.

1994లో అదే బృందము సగటున 87 ఏండ్ల యీడుగల నూఱుగురపై పెద్దపరీక్ష జరిపెను. పదివారముల సాధకముచే బలము నూటికి 113 పాళ్ళు, నడకవేగము సుమారు 12 పాళ్ళు హెచ్చినవి. సాధకము లేక బలవర్ధకాహారము మాత్రము పుచ్చుకొన్నవారికి అట్టి లాభము కలుగలేదు. టానిక్కు సీసాలపై మనవారికి గల భక్తిని తలచినచో ఈ యంశము మఱింత విలువైనది. బోస్టన్‌వారి ఎనుబది పాళ్ళకును మన అర్ధశక్తికిని విరోధము లేదా యని యడుగవచ్చును. కొలమానములు వేఱు. సుశ్రుతుడు ఊపిరిని కొలిచినాడు; వీరు ఒక కండ ఎత్తు బరువును కొలిచిరి. ఎనిమిదిమార్లు మోకాలు చాచి ఆగిన ముదుసలి నోటితో రొప్పవలసిన పని లేదు.

1997లో న్యూజీలాండు పరిశోధకులు ఎనుబదేండ్లు నిండిన 233 స్త్రీలపై జరిపిన పరీక్ష మన పల్లెలకు మఱింత దగ్గఱది. యంత్రములు లేవు, ఆసుపత్రి లేదు. వ్యాయామవైద్యురాలు రెండునెలలలో నాలుగుమార్లు ఇంటికి వచ్చి, కాలిమడమకు చిన్నబరువు గట్టుకొని కాలు లేపుట, ఒంటికాలిపై నిలుచుట, ఒక పాదము ముందు మఱియొక పాదముంచి నడచుట మొదలైనవి నేర్పెను. ఏడాదిలో మామూలు వారు సగటున 1.34 మార్లు పడగా, నేర్చినవారు 0.87 మార్లు మాత్రమే పడిరి. 2014లో అమెరికాలో డెబ్బది నుండి ఎనుబదితొమ్మిదేండ్ల లోపు వారిని 1,635 మందిని రెండేండ్లకు పైగా పరిశీలించిన మహాపరీక్షలో, 400 మీటర్ల దూరము నడువజాలని స్థితి ఆరోగ్యోపదేశము మాత్రము విన్నవారిలో నూటికి 35.5 మందికి రాగా, నడక, వ్యాయామము చేసినవారిలో 30.1 మందికి వచ్చెను. భేదము చిన్నదే. వ్యాయామము ముదిమిని తొలగించు రసాయనము గాదని ఈ రెండు సంఖ్యలు చెప్పుచున్నవి; నూటికి అయిదుగురు తమంతట తాము నడచుచున్నారనియు చెప్పుచున్నవి. 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వృద్ధులకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితశ్రమయు, కనీసము మూడు దినములు తూకమును బలమును పెంచు సాధకమును విధించినది. చేయజాలనివారు తమ శక్తికొలది కదలవలెనని చేర్చినది.

భారతదేశమున వ్యాయామవైద్యము పిల్లలవాతమువలన ప్రవేశించెను. 1952లో బొంబాయిని పోలియో పీడింపగా, 1953లో అచ్చట ప్రథమ విద్యాలయము వెలసెను. వేలూరులో, ప్రమాదమున తానే కాళ్ళ చలనము కోల్పడి చక్రపుకుర్చీ పాలైన మేరీ వర్ఘీస్ అను వైద్యురాలి కృషిచే 1966లో పునరావాసకేంద్ర మేర్పడెను. వృద్ధవైద్యమునకు మద్రాసు తొలిగడ్డ. అచ్చటి వైద్యకళాశాలలో వి. ఎస్. నటరాజన్ కృషిఫలముగా 1996లో ఆ శాఖ యందు ఉన్నతపట్టమునకు బోధన ప్రారంభమయ్యెను. 2011 జనాభా లెక్కలలో దేశమున అరువదేండ్లు నిండినవారు పది కోట్లకు మించిరి. తమిళనాడున వారు నూటికి పదిమందికి పైగా నుండిరి.

హోసూరు ప్రాంతమున దీర్ఘాయువున కుదాహరణము అడిగినచో ఎవ్వరైనను తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తుల రాజగోపాలాచారినే చెప్పుదురు. సన్నని మేను, ఉబ్బసము. ఐనను 1930లో ఏబదియొకటవ యేట తిరుచిరాపల్లినుండి వేదారణ్యమునకు సుమారు 150 మైళ్ళు నడచిరి, తొంబదినాలుగేండ్లు జీవించిరి. దుర్బలదేహము నడువగలదనుటకు ఇది సాక్ష్యము. నడచుటచేతనే జీవించిరనుటకు గాదు.

ఉద్దనపల్లి ముదుసలుల సంగతి వేఱు. మొదట పిండిమర తిరగలిని మూలబెట్టెను, పంపుసెట్టు కపిలను మాన్పెను. 1970 దశకము మొదలు హోసూరున సిప్కాట్ పారిశ్రామికవాడ పెరుగగా యౌవనస్థులు కార్మికులై పోయిరి. వెన్ను విఱుచు చాకిరి తొలగుట మేలే. కాని దానితోబాటు ముదుసలికి తగిన చిన్నపనులును తొలగినవి. పితికిపప్పు కూడ నేడు పితికినదే అంగడిలో దొరకును. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద జరిగిన పనులకు తమిళనాడున స్త్రీలును వృద్ధులును విశేషముగా వచ్చిరి. ఆ పనిలో వేగము లేదని పరిహసించినవారు కలరు. ఉదయమున ఇల్లు వెడలి, చెఱువుగట్టుదాక నడచి, నలుగురితో గూడి మన్నెత్తి, మరల నడచి వచ్చుట డెబ్బదేండ్లవానికి సంపాదనము మాత్రమే గాదని వారు తలచినట్లు లేదు.

2023లో ఉద్దనపల్లి, నాగమంగళము, అయర్నపల్లి రైతులు సిప్కాట్ అయిదవ విడతకై తలపెట్టిన భూసేకరణమును ప్రతిఘటించుచు పెక్కుదినములు ధర్నా చేసిరి. ఆ వివాదమున భూమివిలువ, పంట, జీవనోపాధి చర్చకు వచ్చినవి, వచ్చుట న్యాయము. భూమి పోయినచో పట్టా గలవానికి పరిహారము ముట్టును. ప్రొద్దున ఆవును విప్పి, గట్టున గడ్డి కోసి, పూలమడిలో వంగి లేచి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరు తండ్రికో తల్లికో ఆ నడకకు బదులేమి ముట్టునో లెక్కకట్టు పద్దు ఏ దస్త్రమునందును లేదు. కుమారుడు కట్టించిన క్రొత్తయింటిలో మంచము మాత్రము సిద్ధముగా నుండును.

2021 ఆగస్టు 5న తమిళనాడు ముఖ్యమంత్రి ము. క. స్టాలిన్ "మక్కళై తేడి మరుత్తువం", అనగా ప్రజలను వెదకికొని వచ్చు వైద్యము, అను పథకమును ఈ కృష్ణగిరి జిల్లా యందలి సామనపల్లి గ్రామముననే ప్రారంభించిరి. రక్తపోటునకు, మధుమేహమునకు మందులు ఇంటికి తెచ్చియిచ్చుటతో బాటు, మంచముననున్నవారికి ఉపశమన పరిచర్యయు, వ్యాయామవైద్యమును ఇంటియొద్దనే చేయుట అందు చేరియున్నవి. మార్జొరీ వారెన్ ఆసుపత్రిలో చేసినదియు, న్యూజీలాండువారు ఇంటింట చేసినదియు సర్కారు పథకముగా పల్లెకు వచ్చుట చరిత్రలో చిన్నసంగతి గాదు. లోపము సంఖ్యలో నున్నది. బ్లాకునకు ఒక్క వ్యాయామవైద్యుడు. బ్లాకున పదులకొలది పంచాయతీలు. నాలుగువారములు మానినచో మూడవవంతు బలము జాఱునని చూచితిమి. కావున అతడు రాని దినములలో సాధకము చేయించువారు ఇంటివారే కావలయును.

ఇచ్చట భాషావిషయము కొంత కలదు. వ్యాయామసూచనల పత్రములు తమిళమున నుండును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప బడికి బోవు మనుమరాలు వానిని చదువగలదు; అవ్వ చదువజాలదు. మనుమరాలు చదివి తెలుగున చెప్పవలెను. చెప్పుటకు క్రొత్తమాటలు కల్పింపనక్కఱలేదు. మడమలెత్తి మునివ్రేళ్ళపై నిలుచుట, గోడబట్టి ఒంటికాలిపై నుండుట, అడుగులో అడుగు వేయుట, ఊతము లేక కూర్చుండి లేచుట, తడిగుడ్డ పిండుట అనునవి అవ్వ యెఱిగిన మాటలే. వీనిలో కూర్చుండి లేచుటకు పరిశోధకులు వాడు కుర్చీ దాదాపు ఒకటిన్నర అడుగు ఎత్తు. ఉద్దనపల్లి ప్రాంతపు పాతయిండ్ల వాకిట అరుగులు ఇంచుమించుగా ఆ యెత్తుననే యుండును. ముదుసలి అరుగుమీద కూర్చుండి, చేతులు ఱొమ్మున గట్టుకొని, లేచి, మరల కూర్చుండవచ్చును. మొదట మూడుమార్లు, నెల పోయిన పిదప ఎనిమిదిమార్లు. ఊపిరి నోటికి వచ్చినచో ఆగవలెను. ఎదురుగా మఱియొక ముదుసలి కూర్చున్నచో ఆగుట కొంత ఆలస్యమగును.